ప్రకటనల పుట

గత వేసవి సెలవులలో మేము 'భారతి' పాత సంచికలను చూడవలసివచ్చి మా ప్రాంతములోని ఒక గ్రంథాలయమునకు పోయితిమి. సంపుటములు నల్లని గుడ్డ అట్టలతో, వీపున బంగారు రంగు అంకెలతో, వరుసగా నిలిచియుండెను. చూడ ముచ్చటయే. కాని తెఱచి చూచునప్పటికి ఒక నెలకును మఱియొక నెలకును నడుమ ముఖపత్రము లేదు. వెనుకటి అట్ట లేదు. మొదటను చివరను ఉండవలసిన ప్రకటనల పుటలు ఒక్కటియు లేవు. ఒక నెల వ్యాసము ముగిసిన చోటనే మఱుసటి నెల పద్యము మొదలగుచున్నది. ఇదేమని అడుగగా అచ్చటి ఉద్యోగి మాయందలి గౌరవముతోనే ఇట్లనెను: "మ్యాటరంతా ఉన్నది సార్. పోయినవి అడ్వర్టైజుమెంట్లే."

ఆతనిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పలేదు. తీసివేయుమనగా కుట్టువాడు తీసివేసెను. తీసివేయుమన్నవారు అలమరలో చోటు చాలదని తలచిరి. సాహిత్యచరిత్రలు వ్రాసిన మహనీయులు సైతము ఆ పుటలను చూడకయే తిప్పివేసినవారు కదా! అయినను ఆ 'మ్యాటరు' అను మాట ఇంటికి వచ్చువఱకును మమ్ము వెంబడించెను. పత్రికలో విషయమనదగినదేది? కానిదేది? దీనిని నిర్ణయించినవారెవరు?

దైవవశమున మాకు అదే సంవత్సరము మంథనిలో ఒక మిత్రుని ఇంటి అటకమీదినుండి విడి సంచికల కట్టయొకటి లభించెను. 'భారతి', 'గృహలక్ష్మి' సంచికలు కొన్ని, 'గోలకొండ పత్రిక' విడి తావులు కొన్ని. ఎవరును కుట్టింపలేదు గనుక అట్టలు పోలేదు. చెదలు తినినంత తినినవి. తక్కినది మాకు మిగిలినది. మూడు రాత్రులు కూర్చుండి మేము చదివినవి వ్యాసములు కావు, ప్రకటనలే. దీనిని ఒప్పుకొనుటకు మొదట కొంచెము సిగ్గుపడితిమి.

ఈ చిన్న ప్రకటనల ధోరణి పాఠకులలో పెద్దవారికి జ్ఞాపకముండును. అఱచేయి వెడల్పు చోటులో నల్లని గీతల చట్రము. అందులో మీసముల పెద్దమనిషి బొమ్మయో, జడ విప్పుకొన్న యువతి బొమ్మయో. దాని క్రింద మందు పేరు. పేరు క్రింద అది కుదుర్చు వ్యాధుల పట్టిక. ఆ పట్టిక తలనొప్పితో మొదలగును. అజీర్ణము, నరముల బలహీనత, నెత్తురు చెడుట మీదుగా సాగి, మతిమఱపును దాటి, పరీక్షలో తప్పుటవఱకు వచ్చి ఆగును. పిమ్మట "నకళ్లను చూచి మోసపోకుడు", "గుణము కనిపింపనిచో వెల వాపసు", "వి.పి. ఖర్చులు ప్రత్యేకము", "కేటలాగు ఉచితము", "ఏజంట్లు కావలెను". ఇవి ఏ ఒక్కరి వాక్యములును కావు. పెండ్లి మంత్రములవలె అందఱివి.

వీటిని చూచి నవ్వనివాడుండడు. మేమును నవ్వితిమి. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒకటి చదివి వినిపింపగా తరగతి అంతయు గొల్లుమన్నది. కాని నవ్వు ఆగిన పిదప కూడ వీటియందు ఏదో ఆకర్షణ మిగిలియుండును. అదియేమో విచారింపదగును.

సంస్కృతము చదివినవానికి మొదట తోచునది ఫలశ్రుతి. ఏ స్తోత్రమునకైనను, ఏ వ్రతకల్పమునకైనను చివర ఫలము చెప్పబడును: రోగము పోవును, ధనము కలుగును, సంతానము కలుగును, చెఱలోనున్నవాడు విడివడును. మందు ప్రకటనలోని వ్యాధుల పట్టిక ఈ ఫలశ్రుతికి నేరుగా పుట్టిన బిడ్డ. అది చదువు గృహిణి చెవికి ఆ ధోరణి కొత్తది కాదు. శుక్రవారము కథ ముగియునప్పుడు విన్నదే. మీమాంసకులైతే ఇంకను సూక్ష్మముగా చెప్పగలరు. వారి మతమున వేదవాక్యములలో విధి యొకటి, అర్థవాదము మఱియొకటి. 'ఇది చేయవలెను' అనునది విధి. దానిని పొగడి మనుష్యుని పురికొల్పు వాక్యములు అర్థవాదము. వాటిని అక్షరాలా పట్టుకొనరాదు, వాటి తాత్పర్యము విధియందే. ప్రకటనలో విధి ఒక్కటే కలదు: 'కొనుడు'. తక్కినదంతయు అర్థవాదము. చిక్కెక్కడనగా, కొనువారిలో మీమాంస చదివినవారు లేరు.

ఆంగ్లమున ఈ విచారణ చిరకాలమునుండి ఉన్నది. 1710లో ఆడిసను 'టాట్లరు'లో ఒక సంచికను వార్తాపత్రికల చివరి ప్రకటనలకే కేటాయించెను. 1759లో జాన్సను పండితుడు 'ఐడ్లరు'లో మరల ఆ పని చేసెను. ప్రకటనల కళ అప్పటికే ఇంచుమించు పరిపూర్ణతకు వచ్చినదనియు, ఇక దానిని మెఱుగుపఱచుట సులభము కాదనియు ఆయన అభిప్రాయము. ఇది చదివి నవ్వుకొనుటకు మనకు హక్కున్నది. కాని అదే వ్యాసమున, ప్రకటనలు చేయువారు మనుష్యుల భయములతోను ఆశలతోను మితిమీరి ఆడుకొనుచున్నారేమో అని కూడ ఆయన ప్రశ్నించెను. ఆ ప్రశ్నకు రెండువందల అఱువదియేండ్లకు పైగా గడచినను వయసు మీఱలేదు.

మన ప్రకటనల భాషయందు మాకొక వింత కనబడెను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో 'తెలుగు' పత్రికను పెట్టి వ్యావహారికమునకై పోరాడుచున్న దినములలో పండితులు గ్రంథమా వాడుకయా అని వాదించుకొనుచుండగా, ప్రకటనకర్తలు ఎవరినడుగకయే రెంటిని కలిపి పోతపోసిరి. క్రియలన్నియు గ్రాంథికములే: వాడుడు, చూడుడు, మోసపోకుడు. నామవాచకములన్నియు బజారువి: గ్యారంటీ, సీసా, డజను, ట్రేడుమార్కు. "మోసపోకుడు" అనుటలో పురాణము చెప్పువాని గాంభీర్యము, "డజనుకు తగ్గింపు" అనుటలో కొట్టువాని చనువు. ఈ రెండు గొంతులును ఒకే నోట వినబడుటయే ఆ ఆకర్షణలో సగపాలని మా తలంపు. వ్యాసకర్తకు అది చేతకాలేదు. ఆయన పుట మొదటినుండి చివరవఱకు అరుగుమీద కూర్చుండియే మాటలాడెను.

ఇక డబ్బు సంగతి. దీనిని మనవారు మర్యాదకొఱకు తప్పించుకొందురు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేయ మొదలిడిరి. 1908లో అచ్చటనే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా పుట్టెను. 1914లో చెన్నపట్టణమునకు వచ్చి దినపత్రిక ఆయెను. 1924లో 'భారతి', 1926లో ఆంధ్రగ్రంథమాల. ఈ వరుసలో ఏది ముందో ఏది వెనుకయో చూడుడు. మందు ముందు, భారతి వెనుక. ముప్పదియొక్క సంవత్సరములు నొసళ్లకు పూసిన పసుపుపచ్చని లేపనముపై వచ్చిన ధనము తెలుగువారి విద్వద్వ్యాసములకు కాగితమాయెను, సిరా ఆయెను. ఇంతకును అంజనమనగా కంటికి పెట్టుకొనునది. పంతులుగారి మందు నొసటికి పూసుకొనునది. వ్యాకరణము చూడక పేరు పెట్టిరని మేమొకప్పుడు ఆక్షేపించితిమి. కోట్లకొలది సీసాలు అమ్ముడైన పేరును ఆక్షేపించుట బడిపంతులుకే తగును.

'గృహలక్ష్మి' కథయు ఇట్టిదే. దానిని 1928లో చెన్నపురిలో స్థాపించిన డాక్టరు కె. ఎన్. కేసరిగారు ఆయుర్వేద వైద్యులు. స్త్రీల వ్యాధులకు వారు తయారుచేసిన 'లోధ్ర' నాటి తెలుగు ఇండ్లలో ఎఱుగనివారు లేరు. లోధ్రమనునది మన వైద్యగ్రంథములలో స్త్రీరోగములకు చెప్పబడిన చెట్టుపట్ట. కనుపర్తి వరలక్ష్మమ్మగారి 'శారద లేఖలు' ఆ పత్రికలోనే వెలువడినవి. ఉత్తమ రచయిత్రులకు 'గృహలక్ష్మి' పక్షమున బంగారు కంకణము బహూకరించు సంప్రదాయము ఏర్పడగా 1934లో మొదటి కంకణము ఆమెకే లభించెను. ఆ కంకణపు బంగారములో కొంత ఊరు పేరు తెలియని గృహిణులు మందుసీసాలకై పంపిన అణాలనుండి వచ్చియుండును. వంగదేశములో ఈ సంబంధమును దాచనైనను దాచలేదు. కలకత్తాలో హేమేంద్రమోహన బోసుగారు తమ 'కుంతలీన్' తలనూనె పేర 1896లో కథల బహుమతి పెట్టి, కథలో ఆ నూనె ప్రస్తావన రావలెనని నియమించిరి. మొదటి బహుమతి జగదీశచంద్ర వసువుగారి కథకు వచ్చెను. శరచ్చంద్రుని తొలి ముద్రిత కథ 1903లో ఆ బహుమతివలననే వెలుగు చూచెను. తలనూనె లేక శరత్తు లేడని మేమనము. కాని తలనూనెను చించివేసి శరత్తును మాత్రమే అలమరలో పెట్టుట న్యాయము కాదు.

గాంధీజీ మార్గము వేఱు. దక్షిణాఫ్రికాలో 'ఇండియన్ ఒపీనియన్'నుండి 1912లో ప్రకటనలను తొలగించెను. 'యంగ్ ఇండియా', 'నవజీవన్' పత్రికలను ప్రకటనలు లేకయే నడపెను. చదువరి చందాతో నిలువలేని పత్రిక నిలువనక్కఱలేదని ఆయన నిష్ఠ. గొప్ప నిష్ఠయే. అయితే మహాత్మునికి లక్షలాది చదువరులు కలరు. తెలుగు మాసపత్రికకు లేరు. పంతులుగారు గాంధీజీకి అనుయాయులై యుండియు ఈ విషయమున వేఱు దారి పట్టిరి. ఆయన ఆ నిష్ఠను పట్టియుండినచో భారతి ఎన్ని సంచికలు వచ్చియుండెడిదో చెప్పలేము. అది 1991వఱకు నడచెను.

ఇంతవఱకు చెప్పినది చెన్నపట్టణపు కథ. మా వైపు, అనగా నాటి నిజాము రాజ్యములోని కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలలో, ఈ ప్రకటనను చదువుట మఱియొక విధమైన పని. అక్కడ అచ్చైన వెల అక్కడి రూపాయలలో, మా మాటలో 'కల్దారు'లో. మా చేతిలోనిది హాలీ సిక్కా. నూఱు కల్దారు రూపాయలకు నూటపదునాఱు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు హాలీ అని రేటు. అమృతాంజనము తొలి దినములలో పది అణాలకు అమ్మబడెనని చెప్పుదురు. ఆ పది అణాలు మావాని లెక్కలో పదునొకండు అణాల ఎనిమిది పైసలు. జగిత్యాలలో ఒక గృహస్థు చెన్నపట్టణపు మందు తెప్పించుకొనవలెనన్న మొదట త్రైరాశికము చేయవలెను. తపాలాయును వేఱే, నిజాము తపాలా 1950 ఏప్రిలు 1న గాని భారత తపాలాలో కలియలేదు. కాజీపేట బల్హార్షా రైలుమార్గము 1929 నాటికి పూర్తియై పెద్దపల్లి, మంచిర్యాల మీదుగా బండ్లు నడచుటతో దూరము కొంత తగ్గెను. మా కట్టలోని సంచికలలో కొన్నింటి అంచులపై పెన్సిలుతో ఈ హాలీ లెక్కలు వేసియున్నవి. వ్యాసముల అంచులపై ఒక్క గీతయు లేదు. ఆ ఇంటివారు దేనిని శ్రద్ధతో చదివిరో ఇంతకంటె సాక్ష్యము కావలయునా?

హైదరాబాదు ప్రకటనలకు ఈ బాధ లేదు. 1920లో అచ్చట పుట్టిన 'జిందా తిలిస్మాతు' మా ఇండ్లలో జలుబునకు, కడుపునొప్పికి, తేలు కాటునకు సైతము మందే. 'జీవమున్న ఇంద్రజాలము' అని దాని పేరునకు అర్థము. సీసామీద హబ్షీ సైనికుని బొమ్మ. చెన్నపట్టణమున అమృతము, హైదరాబాదున ఇంద్రజాలము. పేరు సంస్కృతమైనను పారసీకమైనను అర్థవాదము అర్థవాదమే. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన 'గోలకొండ పత్రిక' తావులు మా కట్టలో ఉన్నవి కొద్దియే. వాటిలో ప్రకటనలును కొద్దియే, చిన్నవియు. తెలుగు చదువరులు తక్కువైన చోట తెలుగు ప్రకటనకు ఎవడు డబ్బు పెట్టును? 1935లో సిరిసిల్లలో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతను జరిగిన ఆంధ్రమహాసభ వంటి సభలు ఆ చదువరులను తయారుచేయుటకే కదా శ్రమపడినవి! ప్రకటనల పుట పలుచనగుట ఆ లోటునకు కొలత. దీనికి వేఱే జనాభా లెక్కలు అక్కఱలేదు.

మఱియొకటి గమనించితిమి. నిర్మల బొమ్మలు, కరీంనగరపు వెండి తీగెపని, సిరిసిల్ల నేత: వీటిలో ఒక్కటియు మా కట్టలోని ప్రకటనలలో లేదు. కలకత్తా నూనె, చెన్నపట్టణపు లేహ్యము, జర్మను గడియారము మా ఊళ్లకు కాగితముపై వచ్చినవి. మా ఊళ్ల పనితనము కాగితముపై బయటికి పోలేదు. కాగితము మాత్రము మా అడవులదే యయ్యె. సిర్పూరు కాగితపు మిల్లు 1938లో స్థాపింపబడి 1942నుండి పని చేయసాగెను. ఆదిలాబాదు వెదురు యుద్ధకాలపు కాగితపు కఱవులో కాగితమాయెను. మిల్లు వచ్చిన కొత్తపేట కాగజునగరమాయెను. 2014లో ఆ మిల్లు మూతపడి 2018లో మరల తెఱవబడెను.

ఇప్పుడు మా ఇంటి సంగతియొకటి చెప్పవలెను. దీనిని చెప్పుటకు చాలకాలము వెనుకాడితిమి.

మా తండ్రిగారికి మేనత్త ఒకామె ఉండెను. జగిత్యాల తాలూకాలో ఒక పల్లెకు ఆమెను ఇచ్చిరి. సంతానము కలుగలేదు. భర్త మఱియొక పెండ్లి చేసికొనగా ఆమె పుట్టింటికి వచ్చి, తమ్ముని ఇంట, అనగా మా తాతగారి ఇంట, ఏబదియేండ్లు ఉండి 1996లో గతించెను. అప్పుడు మేము పదవ తరగతి చదువుచుంటిమి. ఆమె సందూకు తెఱచిరి. రెండు చీరలు, కుంకుమ లేని బరిణె, తాళము లేని తాళపుచెవి, మూడు రసీదులు, నాలుగు మడతలు పెట్టిన మాసపత్రిక కాగితమొకటి. తెఱచినప్పుడు కనబడిన వైపున స్త్రీవిద్యను గూర్చిన వ్యాసభాగము, మొదలును తుదియు లేనిది. మా తండ్రిగారు అది చూచి కన్నీరు పెట్టుకొనిరి. "చూచితిరా, మా అత్తయ్యకు చదువుమీద ఎంత మమకారమో! ఇన్నేండ్లు దాచుకున్నది" అని అందఱకును చూపిరి. ఆమెకు నిజముగనే చదువు వచ్చును. హనుమకొండలో చదువుకొనుచుండిన తమ్ముడు సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు అక్షరములు నేర్పెను. ఊరిలో ఆడవారి జాబులన్నియు ఆమెయే చదివిపెట్టెడిది.

మా బాపమ్మ గడపమీద కూర్చుండి ఇదంతయు చూచుచుండెను. ఆమె సందూకులోనిదానికి మరదలు. యౌవనమునుండి ఒక పొయ్యి దగ్గఱ మెలగినవారు. కొంతసేపటికి ఆమె అనినది: "అటుదిక్కు కాదురా, ఇటుదిక్కు తిప్పు. వదినె దాచుకున్నది మందు దిక్కు."

తిప్పితిమి. గర్భదోషములు పోగొట్టి తప్పక సంతానము కలిగించునట్టి ఔషధమునకు ప్రకటన. ఎవరిదో ఇచ్చట వ్రాయము. మూడు సీసాలు వాడవలెననియు, ఉత్తరములు రహస్యముగా ఉంచబడుననియు, గుణము లేనిచో వెల వాపసనియు ఉన్నది. మూడు రసీదులును వాటివే, తమ్ముని పేర. వెన్న అమ్మిన డబ్బు. మూడవ సీసా ముగిసిన ఏడాదియే భర్త రెండవ పెండ్లి చేసికొనెను. హిందువులలో దానిని నిషేధించు చట్టము 1955లో గాని రాలేదు. వెల వాపసు కొఱకు ఆమె వ్రాసినదో లేదో బాపమ్మకు తెలియదు. "వ్రాసి ఏమి చేసును? ఆ మాట ఇంకొకరికి తెలియుడెందుకు?" అని మాత్రము అనినది.

ఆ కాగితమును మేము పలుమాఱు రెండు వైపులను చూచితిమి. వ్యాసము మంచి వ్యాసమే. స్త్రీలు చదువుకొనవలెననియు, చదువుకొన్న తల్లి బిడ్డలను తీర్చిదిద్దుననియు దాని వాదము. అది స్త్రీని గూర్చి మాటలాడెను. మాటలాడినది మాత్రము ఆమె భర్తతో, అన్నతో, తండ్రితో. బిడ్డలు లేని స్త్రీకి ఆ వాదములో చోటు కూడ లేదు. వెనుకటి వైపు ప్రకటన ఆమెతోనే మాటలాడెను. నీ బాధ మాకు తెలియును, నీవు వ్రాయుము, ఎవరికిని చెప్పము, వెల ఇంత అనినది. ఇంటిలో ఎవరును ఆమెను అడుగని ప్రశ్నను అడిగినది. అబద్ధమాడుటకే అడిగినది; అయినను అడిగినది. సంస్కర్తలు ఎన్నో కష్టములకోర్చి ఆమెవంటివారికి నేర్పించిన అక్షరములను మొదట పనిలో పెట్టుకొన్నవాడు మందులవాడు. ఆ పత్రికాధిపతులకు ఇది తెలియకపోలేదు. ఒకే కాగితమునకు రెండు వైపుల రెండును అచ్చువేసి, ఒకదాని కూలితో రెండవదానిని పోషించిరి.

అందుచేత పాత ప్రకటనల సొగసును గూర్చి ఎవరైన పరవశించి మాటలాడునప్పుడు మాకు సగము ఒప్పుకోలు, సగము కోపము. సొగసు ఉన్నది, మూడు రాత్రులు మేల్కొన్నవారము కాదనలేము. కాని ఆ సొగసు మనకు ఎనుబదియేండ్ల దూరమువలన వచ్చినది. అణాలు పంపినవారికి ఆ దూరము లేదు. మీసముల పెద్దమనిషి బొమ్మ వారికి నవ్వు పుట్టింపలేదు, ధైర్యము పుట్టించెను. అందఱు మందులవారును మోసగాండ్రని మేమనము. అమృతాంజనము తలనొప్పిని తగ్గించును; దానికి మేమే సాక్షులము, మూల్యాంకన దినములలో మా జేబులో నుండును. కేసరిగారు విద్యాలయములు నెలకొల్పిన ఉదారులు. మేము చెప్పునది పుటను గూర్చి. ఆ పుటలో తలనొప్పి మందును, గొడ్డుతనపు మందును, తాయెత్తును ఒకే చట్రములో, ఒకే అక్షరములతో, ఒకే గాంభీర్యముతో నిలిచినవి. వీటిని వేఱుచేసి చెప్పు బాధ్యత ఎవరిదని అడిగిన సంపాదకీయమొక్కటియు మా కట్టలో లేదు.

చట్టము ఆ పని కొంత చేసెను. 1954లో వచ్చిన ఔషధములు, అద్భుతచికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టము కొన్ని వ్యాధులను కుదుర్తుమని ప్రకటించుటనే నిషేధించెను. స్త్రీల వంధ్యత్వము ఆ పట్టికలో కలదు, తాయెత్తులును మంత్రములును కలవు. నేడు కరీంనగరు బస్టాండునుండి మా ఇంటికి పోవు దారిలో సంతానసాఫల్య కేంద్రముల బోర్డులు మూడున్నవి. వైద్యము నేడు శాస్త్రీయము. ఎందఱికో ఫలించినది, మా బంధువులలోనే కలరు. కాని బోర్డుమీద నవ్వుచున్న పసిపాప బొమ్మ, క్రింద "సులభ వాయిదాలు" అను మాట చూచినప్పుడు మాకు ఆ చట్రము గుర్తుకువచ్చును. ర్యాంకుల పట్టికలతో వచ్చు శిక్షణ కళాశాలల కరపత్రములు చూచినప్పుడు వ్యాధుల పట్టికయే గుర్తుకువచ్చును. తొమ్మిదవ తరగతిలో గొల్లున నవ్విన పిల్లలకు వీటిని చూచి నవ్వు రాదు. ఆనాడు వెనుక బల్లనుండి ఒక బాలిక మాత్రము నవ్వక లేచి, "సార్, ఆ మందు కొన్నోళ్లు మళ్లీ పత్రికకు రాయలేదా?" అని అడిగెను. మంచి ప్రశ్న. చదువరుల లేఖలలో మందులను గూర్చిన ఫిర్యాదు ఒక్కటియైన దొరకునేమో అని కట్టయంతయు మరల వెదకితిమి. దొరకలేదు. ఫిర్యాదు చేయుటన్న తన బాధ ఇదియని బయట పెట్టుకొనుట కదా.

పాత పత్రికలను సంగణకములలోనికి ఎక్కించు పని కొన్ని సంస్థలు చేయుచున్నవి, మిక్కిలి శ్లాఘనీయము. కాని ఎక్కించునది కుట్టిన సంపుటమైనచో కుట్టువాడు కోసివేసినది అందులోను ఉండదు. ఒకసారి అట్లు ఎక్కిన పిమ్మట ఆ పత్రికకు ప్రకటనలే లేవని రేపటివారు అనుకొందురు; అది ఏదో తపోవనములో, ఎవరి కూలియు లేక, ఎవరి కన్నీరును లేక, కేవలము విజ్ఞానముకొఱకు వెలువడినదని నమ్ముదురు. మా మేనత్తగారి కాగితము నుండి ఒక వైపు చెరిపివేసినట్లే అగును. మా తండ్రిగారు చదివినది ఆ వైపే.

మంథని కట్టను మేము గత నెలలో కరీంనగరులో కుట్టుపనివానికి ఇచ్చితిమి. అట్టలు, ప్రకటనల పుటలు ఉన్నవి ఉన్నట్లు, ఉన్న చోటనే కుట్టవలెనని చెప్పితిమి. మేనత్తగారి కాగితమును రెండు వైపులు కనబడునట్లు చివర చేర్చుమంటిమి. ఆతడు పుటలు తిప్పి చూచి, "ఇవి గూడనా సార్? ఇవన్ని మందుల అడ్వర్టైజ్‌మెంట్లు" అనెను. అవియు కావలెనంటిమి. పుటలు ఎక్కువైనవని కుట్టుకూలి మీద ముప్పది రూపాయలు అదనముగా అడిగెను. ఇచ్చితిమి.